కార్ల రేసింగ్, పర్యావరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్ల రేసుల మాట వస్తే రెండు రకాల వాళ్లు ఎదురవుతారు. ఒకరు సరదా కోసం పెట్రోలు తగలేస్తున్నారని తిడతారు. ఇంకొకరు రేపటి కార్లన్నీ ఇక్కడే పుడుతున్నాయని మురిసిపోతారు. ఇద్దరి మాటల్లోనూ కాస్త నిజం, బోలెడంత అతిశయోక్తి ఉన్నాయి. తరచూ ఎదురయ్యే ప్రశ్నలకు లెక్కలు దగ్గర పెట్టుకుని రాసిన జవాబులివి.

ఒక రేసులో కార్లన్నీ కలిసి ఎంత పెట్రోలు తాగుతాయి?

మీరు ఊహించుకున్నంత కాదు. 2019 నుంచి 2025 వరకు అమల్లో ఉన్న ఫార్ములా వన్ నిబంధన ప్రకారం ఒక కారు రేసు మొత్తానికి 110 కిలోలకు మించి ఇంధనం వాడకూడదు. ఇరవై కార్లూ ఆ హద్దు దాకా వెళ్లాయనుకున్నా 2,200 కిలోలు. కిలో పెట్రోలు కాలితే మూడు కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి మొత్తం ఏడు టన్నుల లోపే తేలుతుంది.

దీని పక్కన ఒక సరకు విమానాన్ని నిలబెట్టి చూడండి. బోయింగ్ 747 గాల్లో ఉన్న ప్రతి గంటకూ సుమారు పది టన్నుల ఇంధనం తాగుతుంది. అంటే ముప్పై టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్. ఇరవై కార్లు గంటన్నర పాటు ప్రాణం పెట్టి పరుగెత్తి వదిలిన పొగను ఆ విమానం పావుగంటలో వదిలేస్తుంది. జట్ల సామాన్లు మోయడానికి అలాంటి విమానాలు ఒకటి కాదు, వరసగా లేస్తాయి.

ఇది నేను సొంతంగా అల్లిన వాదన కాదు. ఫార్ములా వన్ సంస్థ 2019లో తన చిట్టా తానే విప్పింది. 2018 సీజన్ ఉద్గారాలు 2,56,551 టన్నులు. అందులో రేసు ఇంజిన్ల వాటా 0.7 శాతం.

మిగతా 99 శాతం ఎక్కడిది?

అదే లెక్కలో సరకు రవాణాకు 45 శాతం, జట్ల మనుషుల ప్రయాణాలకు 27.7 శాతం, కర్మాగారాలకూ కార్యాలయాలకూ 19.3 శాతం, రేసు జరిగే చోట ఏర్పాట్లకు 7.3 శాతం పడ్డాయి. మొదటి రెండూ కలిపితే దాదాపు నాలుగింట మూడొంతులు. అంటే ఇది పరుగు పందెం కన్నా ముందు ఒక సంచార సర్కస్. డేరా ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడంలోనే దాని కాలుష్యమంతా ఉంది.

2023 సీజన్ మధ్య భాగాన్ని గ్లోబు మీద వేలు పెట్టి చూస్తే విషయం వెంటనే బోధపడుతుంది. ఏప్రిల్ ఆఖరున అజర్‌బైజాన్‌లోని బాకూ. వారం తిరక్కుండా అట్లాంటిక్ దాటి మయామీ. అక్కడి నుంచి వెనక్కి మొనాకో, ఆపై స్పెయిన్. మళ్లీ సముద్రం దాటి కెనడాలోని మాంట్రియల్. తిరిగి వచ్చి ఆస్ట్రియా. ఇంటింటికీ ఉత్తరాలు పంచే మనిషి ఇలా తిరిగితే రెండో రోజే ఉద్యోగం ఊడుతుంది.

కాకపోతే ఆ క్యాలెండర్‌ను ఎవరూ తెలివితక్కువతనంతో వేయలేదు. ప్రతి రేసుకూ ఒక ఒప్పందం, ఒక వాతావరణం, టిక్కెట్లు అమ్ముడుపోయే ఒక కాలం ఉంటాయి. పక్కపక్క దేశాల్లో వెంటవెంటనే రేసులు పెడితే ఒకరి ప్రేక్షకులను ఇంకొకరు లాక్కుంటారని నిర్వాహకుల భయం. అందుకే మార్పు నత్తనడకన వస్తోంది. 2024లో జపాన్ రేసును శరదృతువు నుంచి ఏప్రిల్‌కు జరిపి, ఆస్ట్రేలియా, చైనా రేసుల మధ్యకు తెచ్చారు. 2026లో మాంట్రియల్‌ను మే నెలకు మార్చి మయామీకి దగ్గర చేశారు. ఇంజిన్‌లో చేసిన ఏ అద్భుతం కన్నా ఈ తేదీల సర్దుబాటే ఎక్కువ ఫలితం ఇస్తుందని నా నమ్మకం. దీనికి చప్పట్లు కొట్టేవారు మాత్రం కనిపించరు.

కంటికి ఆనని మార్పులు ఇంకా ఉన్నాయి. గ్యారేజీ గోడలు, బల్లలు, వంటసామగ్రి లాంటి బరువైనవాటిని జట్లు అయిదారు జతలుగా చేయించుకుని ఓడల్లో ముందుగా పంపేస్తాయి. ఒక జత ఒక దేశంలో వాడుతుండగానే ఇంకో జత మరో సముద్రం మీద ఉంటుంది. టీవీ ప్రసారాల పనిలో పెద్ద భాగాన్ని ఇంగ్లండ్‌లోని బిగ్గిన్ హిల్ కేంద్రం నుంచే చేస్తున్నారు. దాంతో ప్రతి రేసుకూ వెళ్లే మనుషులూ పెట్టెలూ తగ్గాయి. 2023 నుంచి యూరప్ రేసుల మధ్య తిరిగే లారీల్లో జీవ ఇంధనం పోస్తున్నారు.

2030 నాటికి ‘నికర శూన్యం’ అంటున్నారు. నమ్మవచ్చా?

సగం నమ్మవచ్చు. ఇది వ్యంగ్యం కాదు, వాళ్ల ప్రణాళికే అలా ఉంది. 2018తో పోలిస్తే ఉద్గారాలను కనీసం సగానికి నిజంగా తగ్గిస్తారు. తగ్గించలేని మిగతాదానికి వేరే చోట కర్బనాన్ని పీల్చే పనులకు డబ్బు చెల్లించి ఖాతా సరిచేస్తారు. 2024 ముగిసేసరికి 26 శాతం తగ్గించామని సంస్థ ప్రకటించింది. 2018లో 21 రేసులుంటే 2024లో 24 జరిగాయి. రేసులు పెరిగినా ఉద్గారాలు తగ్గాయంటే అది చిన్న విషయం కాదు.

నాకు పేచీ ఉన్నది రెండో సగంతోనే. ఈ రోజు విమానం వదిలిన పొగ ఈ రోజే గాల్లో కలుస్తుంది. దానికి బదులుగా నాటిన మొక్క దాన్ని పీల్చడానికి దశాబ్దాలు పడుతుంది, అదీ ఆ మొక్క బతికి బట్టకడితే. కాబట్టి ‘శూన్యం’ అన్న మాట కంటపడితే ఎంత తగ్గించారు, ఎంత కొన్నారు అని విడివిడిగా అడగండి. మొదటి నుంచీ తనది నికర శూన్యమేనని చెప్పుకునే ‘ఫార్ములా ఈ’ అనే విద్యుత్ కార్ల పోటీకి కూడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

ఈ పర్యావరణ చింత కొత్తగా పుట్టిందా?

పేరు కొత్తది, బెడద పాతది. 1973 చమురు సంక్షోభం వచ్చినప్పుడు కార్ల రేసులు అందరి కళ్లలోనూ పడ్డాయి. పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరి నిలబడి ఉంటే, గిరగిరా తిరగడానికి ఇంధనం ఎలా పోస్తారని నిలదీశారు. 1974లో అమెరికాలోని డేటోనా 24 గంటల రేసు, సెబ్రింగ్ 12 గంటల రేసు, మాంటే కార్లో ర్యాలీ రద్దయ్యాయి. అదే ఏడాది డేటోనా 500 నిర్వాహకులు ఒక విచిత్రమైన దారి పట్టారు. 500 మైళ్ల రేసును పది శాతం కుదించి 450 మైళ్లు చేశారు. కానీ పేరు మార్చలేదు. మొదటి 20 ల్యాపులు (ట్రాకు చుట్లు) అయిపోయినట్టే లెక్కవేసి, పచ్చజెండా ఊపగానే కార్లను 21వ ల్యాపు నుంచి మొదలుపెట్టించారు! కాగితం మీద 500 మైళ్లు, చక్రాల కింద 450. నేటి కర్బన ఖాతాలు చూసినప్పుడల్లా నాకు ఆ 20 ల్యాపులే గుర్తొస్తాయి.

ఇంకా వెనక్కి వెళితే, గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటిన మొట్టమొదటి కారు విద్యుత్ కారే. 1899 ఏప్రిల్ 29న పారిస్ దగ్గరి అషేర్‌లో కమీల్ జెనాట్జీ అనే బెల్జియన్ తూటా ఆకారంలో ఉన్న బండి ఎక్కి 105.88 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. బ్యాటరీ కార్లు నిన్న మొన్న వచ్చాయనుకునే వాళ్లకు ఈ తేదీ చెప్పి చూడండి.

ఇంధనం మీద పరిమితి పెడితే రేసు చప్పబడిపోదా?

ఒక్కోసారి చప్పబడుతుంది, ఒక్కోసారి పిచ్చి పట్టిస్తుంది. 1984లో ఫార్ములా వన్ కారుకు రేసు మొత్తానికి 220 లీటర్ల హద్దు పెట్టి, మధ్యలో నింపుకోవడాన్ని నిషేధించింది. బయటికి పోయే పొగతో పంకా తిప్పి లోపలికి అదనపు గాలి నెట్టే టర్బో ఇంజిన్లు అప్పట్లో ఆబగా తాగేవి. మరుసటి ఏడాది ఇటలీలోని ఇమోలాలో ఏం జరిగిందో చూడండి. అయర్టన్ సెన్నా ముందున్నాడు. ఇంకో మూడు ల్యాపులుండగా పెట్రోలు అయిపోయి కారు ఆగింది. ఫెరారీలో ఉన్న స్టీఫన్ యోహాన్సన్ ముందుకు వచ్చాడు. స్టాండ్లు ఊగిపోయాయి. అతని కారూ ఎండిపోయింది. అలెన్ ప్రోస్ట్ గీత దాటి గెలిచాడు. తూకం వేస్తే కారు రెండు కిలోలు తక్కువ ఉందని అనర్హుణ్ణి చేశారు. చివరికి ట్రోఫీ ఎలియో డి ఏంజెలిస్ చేతికి వెళ్లింది. ఇంత నాటకం ఏ రచయితా రాయలేడు.

అయితే డ్రైవర్లకు ఇది నచ్చదు. మలుపు ఇంకా వంద మీటర్లుండగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, కారును దాని ఊపు మీద దొర్లనివ్వాలి. పోరాడాల్సిన చోట పొదుపు చేయాలి. మరోవైపు ఇంజనీర్లకు ఇంతకన్నా మంచి సవాలు లేదు. 2014లో హద్దును 100 కిలోలకు దించినప్పుడు, అంటే అంతకుముందు ఏడాది వాడకంలో దాదాపు మూడో వంతు కోసేసినప్పుడు, రేసులు ఆగిపోలేదు. మూడేళ్లు తిరిగేసరికి మెర్సిడెస్ తమ ఇంజిన్ పరీక్షాబల్ల మీద 50 శాతం ఉష్ణ సామర్థ్యం దాటిందని ప్రకటించింది. ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా పనిగా మారుతోందన్నమాట. మామూలు పెట్రోలు కార్లలో ఇది సాధారణంగా 30 నుంచి 40 శాతం మధ్య ఉంటుంది. ఎక్కువ తాగి ఎక్కువ పరుగెత్తడం ఎవరికైనా వచ్చు. రేసింగ్‌కు ఉన్న అసలు విద్య ఒక్కటే: నిబంధన బిగిస్తే, ఉన్న కొద్దిలోనే ఎక్కువ పిండటం.

రేసు కార్లలో హైబ్రిడ్ ఎలా పనిచేస్తుంది?

బ్రేకు వేసినప్పుడు కారు వేగమంతా వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఆ శక్తిని ఒక మోటారు ద్వారా కరెంటుగా పట్టి, బ్యాటరీలో దాచి, మళ్లీ వేగం అందుకునేటప్పుడు వాడుకోవడమే కిటుకు. ఫార్ములా వన్‌లో 2009లో ‘కెర్స్’ పేరుతో వచ్చిన మొదటి వ్యవస్థ చిన్నపాటిది. 60 కిలోవాట్లు, ల్యాపుకు ఆరున్నర సెకన్లకు పైగా మాత్రమే. బరువెక్కువ, నమ్మకం తక్కువ. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ గెలిచిన బ్రాన్ జట్టు దాన్ని ముట్టుకోనే లేదు. కెర్స్ కారుతో మొదటి గెలుపు హంగరీలో లూయిస్ హామిల్టన్‌ది.

2014లో దీనికి మరో మోటారు తోడైంది. అది టర్బో ఇరుసు మీద కూర్చుని, బయటికి పోయే వేడి పొగ నుంచి కూడా కరెంటు పిండేది. సాంకేతికంగా ఆభరణం లాంటిది. ఖరీదులోనూ అంతే. రోడ్డు కార్లకు అంతగా పనికిరాదని, కొత్త కంపెనీలను భయపెడుతోందని 2026 నిబంధనల్లో దాన్ని తీసేశారు. బదులుగా చక్రాలకు శక్తినిచ్చే మోటారును 120 కిలోవాట్ల నుంచి 350కి పెంచారు. ఇప్పుడు కారు బలంలో దాదాపు సగం కరెంటుదే. ఈ మార్పును చూసే ఆడి కొత్తగా వచ్చింది, వెళ్లిపోతానన్న హోండా మనసు మార్చుకుంది.

పూర్తిగా బ్యాటరీ కార్లకే ఎందుకు మారరు?

బరువు. మిగతా కారణాలన్నీ దాని తర్వాతే.

కిలో పెట్రోలులో సుమారు 12 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. కిలో బ్యాటరీలో 0.2 అటూ ఇటూ. ఇంజిన్ సగం వృథా చేస్తుందనీ, మోటారు దాదాపు ఏమీ వృథా చేయదనీ లెక్కలో కలిపినా, వంద కిలోల పెట్రోలు చేసే పనికి రెండున్నర నుంచి మూడు టన్నుల బ్యాటరీ కావాలి. ఫార్ములా వన్ కారు డ్రైవర్‌తో కలిపి తూగేదే 800 కిలోల చుట్టుపక్కల. బ్రేకుల నుంచి శక్తి తిరిగి రాబట్టినా ఈ అంతరం పూడదు. గంటల కొద్దీ సాగే పోటీల్లో ఇంకా కష్టం. అందుకే బ్యాటరీ రేసులు పొట్టివిగా ఉంటాయి, మలుపులు ఎక్కువగా ఉండే వీధుల్లో జరుగుతాయి.

బ్యాటరీకి అనువైన చోట మాత్రం దాన్ని పట్టేవారు లేరు. అమెరికాలోని పైక్స్ పీక్ కొండ రేసు 156 మలుపులతో 4,300 మీటర్ల ఎత్తు దాకా వెళుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి పెట్రోలు ఇంజిన్ ఊపిరాడక నీరసిస్తుంది. మోటారుకు గాలితో పనే లేదు. 2018 జూన్‌లో రొమైన్ డ్యూమా ఫోక్స్‌వాగన్ విద్యుత్ కారులో 7 నిమిషాల 57.148 సెకన్లలో శిఖరం చేరి, అంతవరకు ఉన్న అన్ని రికార్డులనూ చెరిపేశాడు. ఎనిమిది నిమిషాల లోపు ఎక్కిన మొదటి మనిషి అతనే.

ఫార్ములా ఈ ఎంత దూరం వచ్చింది?

2014 సెప్టెంబరు 13న బీజింగ్‌లో మొదటి రేసు జరిగినప్పుడు అది నవ్వులపాలయ్యే ప్రమాదం చాలానే ఉంది. బ్యాటరీ రేసు చివరి దాకా వచ్చేది కాదు. డ్రైవర్ సగంలో పిట్‌లోకి, అంటే ట్రాకు పక్కన కార్లు ఆగే చోటికి వచ్చి, కట్లు విప్పుకుని, ఒక కారులోంచి దూకి, పక్కనే సిద్ధంగా ఉన్న ఇంకో కారులోకి దూరేవాడు! ఫోను చార్జింగ్ అయిపోతే కొత్త ఫోను తీసినట్టు. నాలుగు సీజన్లు అలాగే నడిచింది. 2018 ఆఖరున వచ్చిన రెండో తరం కారు 54 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో రేసును ఒంటిచేత్తో పూర్తిచేసింది. మూడో తరం కారు ఇంకా వింతైనది. ముందు, వెనక మోటార్లు రెండూ కలిసి బ్రేకు వేసేటప్పుడు 600 కిలోవాట్ల దాకా వెనక్కి రాబట్టగలవు. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా తిరిగొచ్చినదే. మోటార్లే ఆపగలవన్న ధీమాతో వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు పెట్టకుండానే దాన్ని తయారుచేశారు. 2025 నుంచి కొన్ని రేసుల్లో అర నిమిషం మెరుపు చార్జింగ్ కూడా ప్రవేశపెట్టారు.

ఆట తీరూ మారిపోయింది. ముందున్న కారు గాలిని చీల్చడానికి ఎక్కువ కరెంటు ఖర్చుపెడుతుంది కాబట్టి కొన్ని ట్రాకుల మీద ఎవరూ ముందుండాలనుకోరు! సైకిల్ పోటీల్లో లాగా ఒకరి వెనక ఒకరు నక్కి, ఆఖరి ల్యాపుల దాకా కాచుకుంటారు. కొందరికి ఇది చదరంగం, కొందరికి చిరాకు. నాకు మాత్రం చూడబుద్ధవుతుంది.

‘సుస్థిర ఇంధనం’ అంటే కొత్త సీసాలో పాత పెట్రోలేనా?

కాదు, కానీ అన్నీ ఒకటీ కావు. కాలినప్పుడు ఇదీ కార్బన్ డయాక్సైడే వదులుతుంది. తేడా అంతా ఆ కర్బనం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే. భూగర్భం నుంచి తవ్వితే కొత్త భారం. నిన్న మొన్న మొక్క పీల్చినదో, గాల్లోంచి పట్టినదో అయితే తీసుకున్నదే తిరిగిచ్చినట్టు.

ఒక దారి వ్యర్థాల నుంచి చేయడం. ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో 2022 నుంచి ద్రాక్షసారా తయారీలో మిగిలిన పిప్పి, మడ్డి నుంచి తీసిన ఇంధనం వాడుతున్నారు. దీనివల్ల ఉద్గారాలు కనీసం 65 శాతం తగ్గుతాయని తయారీదారు టోటల్ ఎనర్జీస్ చెబుతోంది. అమెరికాలోని ఇండీకార్ పోటీ ఈ దారిలో చాలా ముందే నడిచింది. 1964 ఇండియానాపొలిస్ రేసులో పెట్రోలు మంటల్లో ఇద్దరు డ్రైవర్లు చనిపోయాక అక్కడ మిథనాల్‌కు మారారు. దాని మంట నీళ్లతో ఆరుతుంది, కానీ పగటి వెలుగులో కంటికి కనిపించదు. 1981లో రిక్ మియర్స్ పిట్‌లో మంటల్లో కాలుతూ చేతులు విదిలిస్తుంటే, చుట్టూ ఉన్నవారికి మొదట ఏం జరుగుతోందో అర్థం కాలేదు. 2007లో పూర్తిగా ఇథనాల్‌కు వచ్చారు. 2023 నుంచి చెరకు వ్యర్థాల ఇథనాల్ ప్రధానంగా ఉన్న నూరు శాతం పునరుత్పాదక ఇంధనం. ఫార్ములా వన్ 2022లో పది శాతం ఇథనాల్ కలిపి, 2026లో నూరు శాతం సుస్థిర ఇంధనానికి వచ్చింది.

రెండో దారి కృత్రిమ ఇంధనం. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. దాన్ని పట్టిన కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి పెట్రోలు లాంటి ద్రవం చేస్తారు. చిలీ దక్షిణ కొసన, ఎప్పుడూ ఈదురుగాలులు వీచే పుంటా అరేనస్ దగ్గర పోర్షె భాగస్వామ్యంతో ఇలాంటి చిన్న కర్మాగారం 2022 డిసెంబరులో ఉత్పత్తి మొదలుపెట్టింది. చిక్కు ఎక్కడంటే, ఒక కారును కిలోమీటరు నడపడానికి కరెంటును నేరుగా బ్యాటరీలో నింపితే అయ్యే ఖర్చు కన్నా ఈ దారిలో దాదాపు అయిదు రెట్ల కరెంటు పోతుంది. బ్యాటరీతో ఎగరలేని విమానాలకు, సముద్రాలు దాటే ఓడలకు ఇది అవసరం. అందుకే రేసు కార్లు దీన్ని పరీక్షించడం నాకు సబబుగానే తోస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారులో పోయడానికైతే వృథా. చమురు కంపెనీల ప్రకటనల్లో ఈ చివరి వాక్యం కనిపించదు.

హైడ్రోజన్ సంగతి?

ఆశ ఉంది, వాయిదాలూ ఉన్నాయి. లె మాన్స్ నిర్వాహకులు 2024కే హైడ్రోజన్ విభాగం తెస్తామన్నారు. ఆ తేదీ పదేపదే వెనక్కి జరుగుతూ వస్తోంది.

జపాన్‌లో టయోటా మాత్రం 2021 మే నెలలో ఫుజి 24 గంటల రేసులో హైడ్రోజన్‌ను నేరుగా ఇంజిన్‌లో మండించే కరోలాను దింపింది. కంపెనీ అధిపతి అకియో టొయోడా స్వయంగా ‘మోరిజో’ అన్న మారుపేరుతో దాన్ని నడిపాడు. 24 గంటల్లో ఆ కారు ట్రాక్ మీద తిరిగింది దాదాపు పన్నెండు గంటలు. గ్యాసు నింపుకోవడానికే నాలుగు గంటలు పోయాయి, మిగతాది మరమ్మతులకు. ఓటమిని అంత బహిరంగంగా ఒప్పుకుని, 2023లో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌తో మళ్లీ వచ్చారు. కొత్త సాంకేతికతను జనం ముందు పరీక్షించడమంటే ఇదే. ఎటొచ్చీ, లోకంలో తయారవుతున్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం ఇంకా సహజవాయువు, బొగ్గు నుంచే వస్తోంది. మూలం మురికైతే గొట్టం చివర స్వచ్ఛత వల్ల ఒరిగేది తక్కువ.

రేసుల నుంచి బయటి ప్రపంచానికి నిజంగా ఏమైనా వచ్చిందా?

వచ్చింది, కానీ ప్రకటనల్లో చూపించే దారిలో కాదు. విలియమ్స్ జట్టు కెర్స్ కోసం బ్యాటరీకి బదులు గిర్రున తిరిగే చక్రంలో శక్తి దాచే పరికరం తయారుచేసింది. ఫార్ములా వన్ రేసుల్లో దాన్ని వాడనే లేదు. అది ఆడి కారులోకి వెళ్లి 2012లో లె మాన్స్ గెలిచింది. హైబ్రిడ్ కారు అక్కడ గెలవడం అదే మొదటిసారి. ఆ తర్వాత అదే పరికరం లండన్ సిటీ బస్సుల్లోకి చేరింది. ఆలోచిస్తే సరైన చోటు అదే. రెండు వందల మీటర్లకోసారి ఆగి బయలుదేరే బస్సు కన్నా ఎక్కువగా బ్రేకు వేసేదెవరు? అదే విలియమ్స్ వాళ్ల గాలి పరిజ్ఞానంతో సూపర్ మార్కెట్ ఫ్రిజ్ అరల అంచులకు చిన్న రెక్కలు చేశారు. తలుపుల్లేని ఫ్రిజ్‌లోంచి చల్లగాలి నడవలోకి పారకుండా అవి తిప్పి లోపలికి పంపుతాయి. బ్రిటన్‌లో సైన్స్‌బరీస్ దుకాణాలు వాటిని అమర్చుకున్నాయి. రేసింగ్ పర్యావరణానికి చేసిన మేలుకు ఒక్క ఉదాహరణ చెప్పమంటే నేను ఏ కారునూ చూపించను, ఈ చిన్న రెక్కనే చూపిస్తాను.

తలకిందులైన కథలూ ఉన్నాయి. 2006లో ఆడి డీజిల్ కారు లె మాన్స్ గెలిచిన మొదటి డీజిల్‌గా చరిత్రకెక్కింది. డీజిల్ అంటే శుభ్రం, పొదుపు అన్న ప్రచారానికి అది కిరీటం పెట్టింది. 2015లో ఆ కంపెనీ మాతృసంస్థ ఫోక్స్‌వాగన్ రోడ్డు కార్ల ఉద్గార పరీక్షల్లో మోసం చేసినట్టు ఒప్పుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాదితో ఆడి ఆ రేసుల నుంచి తప్పుకుంది.

హైబ్రిడ్ పెట్టి వెనక్కి తీసుకున్న పోటీలున్నాయట, నిజమేనా?

నిజమే. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ 2022లో 100 కిలోవాట్ల హైబ్రిడ్ తెచ్చి 2025లో తీసేసింది. బ్రిటిష్ టూరింగ్ కార్లదీ సరిగ్గా అదే మూడేళ్ల కథ. ఖర్చు, బరువు, సీలు వేసిన హైబ్రిడ్ పెట్టెను జట్లు తమంతట తాము తెరిచి బాగుచేసుకోలేకపోవడం కారణాలు. ఇది సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు. రాళ్లలో ఎగిరిపడే ర్యాలీ కారుకు హైబ్రిడ్ బరువు మోయించడం కన్నా శిలాజేతర ఇంధనం పోయడమే తేలికని తేలింది.

టైర్ల మాటేమిటి?

ఫార్ములా వన్‌లో ఒక్కో డ్రైవర్‌కు మామూలు రేసు వారాంతానికి పొడి ట్రాకు మీద వాడే టైర్లు 13 సెట్లు, సెట్టుకు నాలుగు చొప్పున ఇస్తారు. అందరికీ కలిపి వెయ్యికి పైగా టైర్లు. వాడినవాటిలో ఎక్కువ భాగం సిమెంటు బట్టీల్లో ఇంధనంగా కాలిపోతుంది. 2024 నుంచి పిరెల్లీ ధ్రువీకరించిన అడవుల రబ్బరు వాడుతోంది. ఇండీకార్‌లో ఫైర్‌స్టోన్ ఎడారి పొద అయిన గ్వాయూలే రబ్బరును పక్కగోడల్లో పెట్టి 2022లో నడిపించింది. మంచివే, కానీ ఇచ్చే సెట్ల సంఖ్య తగ్గిస్తే ఇంకా మంచిది. 2023లో హంగరీలో 11 సెట్లతో ప్రయత్నించారు. రేసుకేమీ నష్టం కాలేదు.

డ్రైవర్లు ఏమంటున్నారు?

ఎక్కువ మంది ఏమీ అనరు. మాట్లాడినవారిలో సెబాస్టియన్ వెటెల్ ముందుంటాడు. 2021లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ రేసు ముగిశాక సంచి పట్టుకుని స్టాండ్లలో చెత్త ఏరాడు. 2022లో బీబీసీ చర్చలో, ప్రపంచమంతా తిరిగే ఉద్యోగం చేస్తూ ఇలా మాట్లాడితే కపటం కాదా అని అడిగారు. అవును, కపటమే అని ఒప్పుకున్నాడు. ఆ ఏడాదే సిల్వర్‌స్టోన్‌లో, 1992లో నైజెల్ మాన్సెల్ నడిపిన విలియమ్స్ కారును వెటెల్ సుస్థిర ఇంధనంతో నడిపి చూపించాడు. ముప్పై ఏళ్ల పాత ఇంజిన్ అరుపూ తగ్గలేదు, ఆగనూ లేదు. చప్పుడు లేని రేసు రేసే కాదని బాధపడేవారు చూడాల్సిన దృశ్యమది.

రేసు చూడటానికి వెళ్లే మా వల్ల కలిగే కాలుష్యం లెక్కలోకి వస్తుందా?

పైన చెప్పిన 2,56,551 టన్నుల్లో మీ ప్రయాణం లేదు. లక్షల మంది కార్లలో, విమానాల్లో వచ్చిపోవడాన్ని కలిపితే మొత్తం బొమ్మే మారిపోతుంది. ఎక్స్‌ట్రీమ్ ఈ అనే విద్యుత్ ర్యాలీ 2021లో దీనికి ఒక మొండి పరిష్కారం చూపింది. సెయింట్ హెలీనా అనే పాత తపాలా ఓడలో కార్లు తీసుకెళ్లి, ఎడారుల్లో, ద్వీపాల్లో ప్రేక్షకులే లేకుండా పోటీలు జరిపింది. జనం టీవీలో చూశారు, చూడాల్సినంత మంది చూడలేదు. 2021లో తిరిగి మొదలైన నెదర్లాండ్స్ రేసు ఇంకో దారి పట్టింది. జాండ్‌వోర్ట్ సముద్రతీరంలోని చిన్న ఊరు, కార్లు నిలిపే చోటే లేదు. కాబట్టి సొంత కారులో రావద్దని ముందే తేల్చి చెప్పారు. రేసు రోజుల్లో రైళ్లు నిమిషాల తేడాతో నడిచాయి, సైకిళ్లు పెట్టడానికి మైదానాలు కేటాయించారు. ఇసుక దిబ్బల మధ్య నారింజ చొక్కాల జనం సైకిళ్లు తొక్కుతూ ఫార్ములా వన్ చూడటానికి వచ్చారు.